ప్రార్థనలో పెడదాం బాబూ

దేవుడు పిలిచాడంటే చాలదు. మండల పాస్టర్ల ఫెలోషిప్ అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కూడా ఒప్పుకోవాలి. దేవుడిది నోటిమాట. వీళ్లకు లెటర్‌హెడ్డూ రబ్బరు స్టాంపూ ఉన్నాయి.

ఈ సంగతి తెలియని కుర్రాడొకడు ఉపవాస ప్రార్థనలోంచి లేచి, కళ్లు తుడుచుకుని, పెద్దలకు ఫోన్ చేస్తాడు. "అయ్యగారూ, వందనాలండీ. ప్రభువు నన్ను సేవకు పిలిచాడండీ."

"దేవునికి స్తోత్రం! ఏ ఊళ్లో బాబూ?"

మొదటి ప్రశ్న అదే. ఊరు తమ మందిరానికి ఇరవై కిలోమీటర్ల అవతలైతే పిలుపు నిఖార్సైనది. అదే వీధి చివరైతే గొంతు మెత్తబడుతుంది. "ప్రార్థనలో పెడదాం బాబూ."

తెలుగు సంఘాల్లో ఇంత తియ్యగా కాదనే మాట ఇంకోటి లేదు. అన్నట్టే పెడతారు, పెట్టినదాన్ని మళ్లీ బయటికి తీయరు. ఏడాది ఆగి అడిగితే "ఇంకా ఆత్మ ప్రేరణ కలగలేదు" అంటారు. మూడేళ్లాగి అడిగితే "ఓపిక లేనివాడు సేవకేం పనికొస్తాడు?" అంటారు.

ఈలోగా వాకబు నడుస్తుంది. నాన్న ఎవరు, మేనమామలు ఎవరు, ఊళ్లో ఏ పేట. క్రీస్తులో యూదుడికీ గ్రీకువాడికీ తేడా లేదని ఆదివారం గొంతు చించుకున్న అయ్యగారే సోమవారం పేట అడుగుతారు. తప్పేముంది? యూదులకూ గ్రీకులకూ తేడా లేకపోవచ్చు. ఈ పేటకూ ఆ పేటకూ ఉంది మరి.

అసలు పెద్దలు పరీక్షించకూడదని ఎవరంటారు? మైకూ కీబోర్డూ కొనుక్కుని ప్రవక్తనంటూ బయల్దేరినవాణ్ణి నిలబెట్టి అడగాల్సిందే. వింతేమిటంటే వాణ్ణెవరూ అడగరు. వాడిచ్చే కవరు బరువుగా ఉంటుంది.

కవరంటే దారి ఖర్చులు. పల్సర్ మీద వచ్చినాయన దారి ఒకటి, ఇన్నోవాలో వచ్చినాయన దారి ఒకటి. ఇద్దరూ పక్క ఊరినుంచే వచ్చినా సరే.

ఇక మద్దతు కూడగట్టే పనిలో మెడలు విరిగేది ఫ్లెక్స్ దగ్గర. ఆర్డినేషన్ సభ ప్రూఫ్ వాట్సాప్‌లో వెళ్తుంది. పెద్దలు రెండువేళ్లతో ముందు తమ ముఖాన్ని, తర్వాత పక్కాయన ముఖాన్ని సాగదీసి కొలుచుకుంటారు. "ఆయనది పై వరస, నాది కింది వరసా?" "రెవరెండ్ ఉంది, డాక్టర్ ఏమైంది?" ఆ డాక్టరేట్ ఇచ్చిన విశ్వవిద్యాలయం ఏ ఊళ్లో ఉందని మాత్రం అడగకూడదు. అది విశ్వాసానికి సంబంధించిన విషయం. ఆరుసార్లు దిద్దాక అందరి ముఖాలూ సమానమవుతాయి, ఆర్డినేషన్ పొందే కుర్రాడి ఫొటో తపాలా బిళ్లంత మిగులుతుంది. సభలో అతని నెత్తిన అన్ని చేతులూ పడతాయి. ఆమేన్ అనగానే అవే చేతులు శాలువాల వైపు చాస్తారు.

ఆ సభలో తప్పకుండా బర్నబా కథ చెప్తారు. సంఘాన్ని హింసించిన సౌలు మారుమనస్సు పొందానంటూ యెరూషలేము వస్తే శిష్యులు నమ్మలేదు, హడలిపోయారు. బర్నబా ఒక్కడే అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి పూచీ పడ్డాడు. దారి ఖర్చులు ఎంత తీసుకున్నాడో లూకా రాయడం మరిచాడు.

ఆ తర్వాతి కథ మన వేదికల మీద ఎందుకో వినపడదు. మార్కు అనే కుర్రాడు ఒకసారి ప్రయాణం మధ్యలో వెనక్కి వెళ్లిపోయాడు. మరోసారి తీసుకెళ్దామన్నాడు బర్నబా. ససేమిరా అన్నదెవరు? పౌలుగా మారిన ఆ సౌలే! ఒకరి పూచీ మీద లోపలికి వచ్చిన మనిషే ఇంకొకరి పూచీకి అడ్డం పడ్డాడు. మాటామాటా పెరిగి ఇద్దరూ చెరో దారి పట్టారు. చివరికి ఆ పౌలే చెరలో ఉండి, మార్కు నాకు పనికొస్తాడు, వెంటబెట్టుకు రమ్మని తిమోతికి రాశాడనుకోండి. మన పెద్దలు పౌలు చరిత్రలో ఆ పేజీదాకా ఇంకా రాలేదు.

మన నేల మీదే ఇంకో లెక్క ఉంది. నెల్లూరులోని ఫలం లేని మిషనును మూసేద్దామా అని 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్టిస్టు పెద్దలు తర్జనభర్జన పడ్డారు. దయతలచి ఉంచారు. ఆ మిషనులోనే 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలివ్వడానికి నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆ పని కానిచ్చారు.

అదే పని మన ఫెలోషిప్‌కి అప్పగిస్తే? మొదటి జంట ఎవరన్నది తేలాలి. అధ్యక్షుడు మోకాలిలోతులో, కార్యదర్శి నడుంలోతులో నిలబడితే ఫొటోలో ఎవరు పొడుగ్గా పడతారో చూడాలి. పై ఒడ్డు సంఘంవాళ్లకు కింది ఒడ్డు పాస్టరు బాప్తిస్మమిస్తే గొర్రెల దొంగతనం కిందికి వస్తుందా అని ఉపసంఘం వేయాలి. ఉపసంఘానికి భోజనాలు పెట్టాలి. పొద్దుగూకేసరికి 2,222 మందీ తడవకుండానే ఇళ్లకు పోయేవారు. సభ దిగ్విజయంగా జరిగిందని కార్యదర్శి పేపరుకు ప్రకటన పంపేవాడు, ఫొటోతో సహా.