24 గళ్లు

ఆ జిల్లా ఆఫీసులో సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చేవాళ్ల కోసం హాల్లో ఒక తెర పెట్టారు. ఏ శాఖ ఏ గదిలో ఉందో అందులో కనిపిస్తుంది. దాన్ని నడిపేది మూర్తిగారు ఎప్పుడో కోబాల్‌లో రాసిన ప్రోగ్రాం. దానికి శాఖల పేర్లు అందించేది మాత్రం కొత్తగా చేరిన ప్రవీణ్ సీ లాంగ్వేజ్‌లో రాసిన ముక్క.

సీలో పేర్ల వరస అంటే ఏ పేరు మెమరీలో ఎక్కడుందో చెప్పే చిరునామాల పట్టీ. పేరు ఎంత పొడుగైనా ఫర్వాలేదు, చివర సున్నా బైటు తగిలితే అయిపోయినట్టు. కోబాల్‌కి ఆ సున్నాతో పనే లేదు. పేరుపేరుకీ సమానంగా గళ్లు కొలిచి పెట్టుకుంటుంది. మూర్తిగారు పెట్టినవి 24, గడికొక బైటు. చిన్న పేరైతే మిగతా గళ్లలో ఖాళీలు నింపాలి, పెద్దదైతే కోసెయ్యాలి. ప్రవీణ్ రెండూ చేశాడు. ఇంగ్లిష్ పేర్లన్నీ చక్కగా ఇమిడాయి.

ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆనాటికల్లా బోర్డులన్నీ తెలుగులో ఉండాలని పైనుంచి ఆర్డరొచ్చింది.

"పేర్లు మార్చడమే కదా సార్" అన్నాడు ప్రవీణ్.

అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు. గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ కూడా విడిగా మూడేసి. 'వ్యవసాయం' 24కి అచ్చంగా సరిపోయింది. 'నీటిపారుదల' కాస్తా 'నీటిపారు' అయింది. 'ఖజానా'కి 15 పోగా 9 ఖాళీలు మిగిలాయి. ఖజానాలో ఖాళీలు కొత్తేం కాదనుకోండి.

సోమవారం మధ్యాహ్నానికల్లా మా పేరు తెగిందంటే మా పేరు తెగిందని ఫోన్ల మీద ఫోన్లు. మూర్తిగారు హాల్లోకి వెళ్లి చూస్తే, పన్నెండో గది 'అవినీతి నిరోధక విభాగం'. మొదటి మాటకి 21 బైట్లు, మధ్య ఖాళీకి 1. మిగిలిన రెంటిలో 'న' పూర్తిగా పట్టలేదు. ఆ తెగిన ముక్కని చదవలేక తెర దాని బదులు ప్రశ్నార్థకం వేసింది.

'అవినీతి ?'

"బాబూ, ముందు ఇది చూడు. మెమో వచ్చేస్తుంది" అన్నారాయన గాభరాగా.

ప్రవీణ్ గళ్లు పెంచేలోపే ఆ గది అటెండర్ రానే వచ్చాడు.

"మా సార్ చెప్పమన్నారండీ. పేరు బాగానే ఉంది, కదపొద్దన్నారు. ఆ ప్రశ్నార్థకం ఒక్కటీ తీసెయ్యాలంట. ఈ గదేనా కాదా అని జనం గుమ్మం దగ్గరే తటపటాయిస్తున్నారు."