గణాలకు గ్రహశాంతి

పద్యం రగణంతో ఎత్తుకుంటే మృత్యువట. జగణమైతే రోగం. తగణమైతే శూన్యం, అంటే చేతికి చిల్లిగవ్వ రాదు. ఈ ఫలం మాత్రం ఏ గణంతో మొదలెట్టినా మన కవులకు అనుభవమే. కుర్రాడెవడో శతకం రాసి తెస్తే, భావం జోలికి పోకుండా మొదటి మూడక్షరాలకు గురులఘువులు వేసి, "నాయనా, ఆదిలోనే అగ్ని పెట్టావు" అని నిట్టూర్చే పెద్దలు ఇంకా ఉన్నారు.

లెక్క చిన్నది. గురువూ లఘువూ రెండే. మూడు స్థానాల్లో అటూ ఇటూ మారిస్తే 8 అమరికలు. 'యమాతారాజభానసలగం' అని బడిలో వల్లెవేసింది వీటినే. పద్యం నడకను కొలిచే బద్దలివి. బద్దకు జాతకం రాయడం మనకే చెల్లింది! ఒక్కో గణానికి ఒక్కో దేవత, ఒక్కో ఫలం. మ, య, భ, న మంచివి. ర, స, త, జ చెడ్డవి. సరిగ్గా సగం సగం.

ఈ పట్టిక చేతబట్టుకుని ఊళ్లోకి వెళ్దాం. 'అమెరికా'లో మొదటి మూడూ లఘువులు: నగణం, దేవత స్వర్గం. 'అప్పులు' భగణం, చంద్రుడు, నిర్మలమైన కీర్తి. 'విజయం' సగణం, వాయువు, దేశాలు పట్టిపోవడం. 'కరోనా' యగణం, ఫలం వృద్ధి. ఈ ఒక్కటీ కాదనలేం.

ఇక మహాకవుల సంగతి. బృహత్త్రయి అని నెత్తిన పెట్టుకునే కిరాతార్జునీయం, శిశుపాలవధ, నైషధం మూడూ వంశస్థ వృత్తంతోనే మొదలవుతాయి. వంశస్థంలో తొలి గణం జగణం. భారవికీ మాఘుడికీ శ్రీహర్షుడికీ ఏం జబ్బు చేసిందో ఎవరూ రాసిపెట్టలేదు. తలనొప్పి వచ్చిందల్లా వాటికి టీకలు బట్టీపట్టిన విద్యార్థులకే. కాళిదాసు కుమారసంభవం తగణంతో మొదలు. శూన్యం! పాపం, ఆయన పేరు ఎవరికీ తెలీదు.

దీనికీ దొడ్డిదారి ఉంది లెండి. మొదట దేవతావాచకమో శుభవాచకమో పడితే దోషం పోతుందట. భారవి, మాఘుడు లక్ష్మిని ముందు నిలబెట్టి బయటపడ్డారు. నైషధం మొదటి మాటే తాగడం గురించి. శ్రీ కవి పేరులోనే ఉంది కదా అని సరిపెట్టుకోవాలేమో.

మన వేమన ఈ దారీ తొక్కలేదు. ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన ఆయన ఆటవెలదిలో మొదటి మూడక్షరాలూ అచ్చమైన రగణం, దేవత అగ్ని. తరతరాల పిల్లలు గొంతెత్తి చదివారు. ఏ బడీ తగలబడలేదు.

అయినా నమ్మేవాళ్లను నిరాశపరచడం ఎందుకు? సగణ ఫలం దూరదేశ గమనం. పాతకాలంలో అది శాపం. ఇప్పుడు దానికోసమే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేస్తున్నారు. మత్తేభం ఎప్పుడు రాసినా మొదట పడేది సగణమే. కాబట్టి వీసా ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రి ఒక మత్తేభం రాసుకుంటే చాలు. అక్కడ సంపాదించి తిరిగొచ్చాక శార్దూలం రాయాలి. దాని తొలి గణం మగణం, దేవత భూమి. ఊరి చివర రెండొందల గజాలు ఖాయం. రిజిస్ట్రేషన్ ఖర్చులు మాత్రం ఛందస్సులో కలవవు.