కారుకు తలంటు

మన బళ్లారి సత్యనారాయణపేటలో కారు సర్వీసుకిస్తే చాలు, బిల్లు ముందే తయారు: ఇంజిన్ ఫ్లష్, కూలెంట్ ఫ్లష్, ఆపైన ఇంజిన్‌కు తలంటు. "లోపలంతా మడ్డి సార్" అంటాడు కుర్రాడు, డిప్‌స్టిక్ మీది నల్లటి ఆయిల్ చూపించి. డీజిల్ బండి ఆయిల్ మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది నాయనా; మసిని పట్టి ఉంచడమే దాని ఉద్యోగం! వేడి మీద దించితే ఆ మసీ దాంతోనే దిగిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. అందుకే చాలా బళ్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. మన ఎండల్లో కూలెంటూ గడువుకు మార్చాల్సిందే. వీటికి వంక పెట్టకూడదు. ఇంజిన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టిస్తే మాత్రం మెరుపు ఒక పూటే; వైరింగ్‌లో తడి చేరితే మళ్లీ అదే గ్యారేజీకి.

1953లో బళ్లారి మద్రాసును వదిలి మైసూరులో కలిసింది గానీ, ఎర్రటి ఖనిజం దుమ్ము మాత్రం మనల్ని వదల్లేదు. అది చేరేది ఎయిర్ ఫిల్టర్లోకి. తీసి చూడమంటే "అది బానే ఉంది సార్" అంటాడు! ఫిల్టర్ చవక మరి.

గ్లవ్ బాక్సులో కవరైనా విప్పని మాన్యువల్ ఉంది. ముందు దాని దుమ్ము దులపండి. ఆ ఫ్లష్‌కు పైసా ఖర్చు లేదు.