భుజం నొప్పి పోకుండా కాపాడుకోవడం ఎలా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులారా! చెయ్యి పైకెత్తితే భుజంలో చురుక్కుమంటోందా? తొందరపడి తగ్గించుకోకండి. పని ఎగ్గొట్టడానికి ఇంతకంటే మర్యాదైన సాకు దొరకదు.

1. ఫిజియోథెరపీ క్లినిక్‌లో భుజానికి లేజర్ చికిత్స పెట్టించుకోండి, వ్యాయామం మానేయండి. ఫిజియో రెండూ కలిపి చెయ్యమంటారు. లేజర్‌తో నొప్పి కాస్త తగ్గితే, ఆ వెసులుబాటులో వ్యాయామం చేసి స్నాయువుకు బలం తెచ్చుకోవాలట. మీరు కూర్చుని చేయించుకునేదే చేయించుకోండి. డబ్బు కట్టాక కష్టం కూడా మనదేనా?

2. లేజర్ పెట్టేటప్పుడు రక్షణకని కళ్లద్దాలు ఇస్తే తీసి పక్కన పెట్టండి, సెల్ఫీలో ముఖం కనబడదు. 830 నానోమీటర్ల లేజర్ వెలుతురు కంటికి కనబడనే కనబడదు. కనబడనిది కంటినేం చేస్తుంది లెండి!

3. రెండు సిటింగులకే తీర్పు చెప్పేయండి. స్నాయువు కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లు ఎవరాగుతారు? మూడో రోజు నుంచే "లేజర్ అంతా ఉత్తదే" అని బస్టాండులో చెప్పుకుంటూ తిరగండి.

4. ఇంటి వ్యాయామాల సంగతి. గోడ మీద వేళ్లు పైకి పాకించమంటే, కొత్తగా రంగులేయించామనండి. తలుపు గొళ్లేనికి కట్టి లాగమని రబ్బరు బ్యాండు ఇస్తే, దాంతో కూరగాయల సంచిని బండి వెనక కట్టుకోండి, భలే పట్టు ఉంటుంది. "చేస్తున్నారా?" అని ఫిజియో అడిగితే "రోజూ పొద్దునా సాయంత్రం సార్" అనండి. చెయ్యెత్తించి చూసి ఆయన పసిగట్టేస్తే క్లినిక్ మార్చండి. పాత చీటీలు మాత్రం చూపించకండి. చూపిస్తే కొత్తాయన కూడా వ్యాయామమే అంటాడు.

5. షుగర్ ఉందా? చెప్పకండి. షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ. ఆ అదృష్టాన్ని డాక్టర్ల చేతిలో పెట్టడమెందుకు?

6. మిర్యాలగూడ రైస్ మిల్లు యజమానులకు ప్రత్యేకం. హమాలీ భుజం పట్టేసిందంటే లేజర్ ఖర్చు ఇచ్చి దండ వేయించుకోండి. మర్నాడే 50 కిలోల బస్తా అదే భుజానికెత్తండి. నొప్పి తిరిగొస్తే తప్పు మిషన్‌ది.

7. నొప్పి ఉంది కదా అని చెయ్యి కదపడం పూర్తిగా మానేయండి. అసలు కిటుకు ఇదే. ఓపిగ్గా ఇలాగే ఉంటే భుజం బిగుసుకుపోవచ్చు. ఒకసారి బిగుసుకుంటే వదలడానికి ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలే. అన్నాళ్లూ చెయ్యి వెనక జేబు దాకా పోదు. సూర్యాపేట హైవే హోటల్లో టిఫిన్ బిల్లు పక్కవాళ్లే కట్టాలి.