నెల తప్పిన లెక్క

జనవరి 31వ తేదీకి ఒక నెల కలిపినచో ఏ తేదీ వచ్చును? బాకీల వాయిదాలు కట్టు ప్రోగ్రాము నా నెత్తిన పడినది మొదలు ఈ ప్రశ్న నన్ను నిద్రపోనిచ్చుట లేదు. జావాస్క్రిప్టు అను ప్రోగ్రాము భాష నడిగితిని గదా, ఫిబ్రవరిలో 31వ తేదీ లేదను మాట నోట రానీయక, మిగిలిన దినములను మార్చి మీదికి నెట్టి, మార్చి 3 అని నిశ్చింతగా సెలవిచ్చినది. ఫిబ్రవరికి వాయిదాయే లేకపోయినది. బాకీదారునకు ఇంతకంటె శుభవార్త యుండునా? మైఎస్‌క్యూఎల్ డేటాబేసు నడుగగా అది బుద్ధిమంతురాలివలె ఫిబ్రవరి 28 కడ నాగినది. సంతసించి దానికి మరియొక నెల కలుపుమన్నచో మార్చి 28 అన్నది. జనవరి 31కే రెండు నెలలు ఒక్కమారుగా కలుపుమన్నచో మార్చి 31 అన్నది. విడివిడిగా కూడిన నొకటి, కట్టగట్టి కూడిన మరియొకటి వచ్చు కూడిక కలదని నాకు ఎక్కములు చెప్పిన పంతులుగారు చెప్పి యుండలేదు.

ఇంతకును జావాస్క్రిప్టునకు జనవరి ఒకటవ నెల కాదు, సున్నవ నెల, డిసెంబరు పదునొకండవది. నెలలోని తేదీలు మాత్రము ఒకటితోనే మొదలగును. ఈ వంకర దాని స్వార్జితము కాదు. 1995లో పుట్టినప్పుడే తేదీల సరంజామా నంతయు జావానుండి అరువు తెచ్చికొన్నది, ఆ జావా సి భాషనుండి తెచ్చికొన్నది. సి భాషలో పట్టికల గణన సున్నతో మొదలగును. నెలలకు పేర్ల పట్టిక కావలయును గావున జనవరికి సున్న ప్రాప్తించినది, తేదీలకు పేర్లు లేవు గావున అవి బ్రదికినవి. కారణము తెలిసినంత మాత్రమున కడుపుమంట చల్లారునా? సున్నతో కూడికలు, తీసివేతలు చేయు విధమును 628లోనే సూత్రీకరించిన బ్రహ్మగుప్తుడు సైతము దానిని జనవరి నెత్తిన పెట్టుడని చెప్పలేదు. ఈ బుద్ధి మన పంచాంగకర్తలకు పుట్టియుండినచో గతి యేమి? చైత్రము సున్నవ మాసమగును. శుభలేఖలో ‘రెండవ మాసము’ అని అచ్చొత్తించినచో, సున్ననుండి లెక్కించు మగపెండ్లివారు జ్యేష్ఠమున తరలివత్తురు, ఒకటినుండి లెక్కించు వంటవారు వైశాఖముననే వచ్చి గాడిపొయ్యి త్రవ్వి, పిలిచినవారిని తిట్టుకొనుచు పోవుదురు. క్రొత్తకోడలు అత్తవారింట నుండరాని ఆషాఢము మూడవదో నాల్గవదో తేలక, వియ్యంకులు కోర్టు కెక్కుదురు. సున్నవ నెల జీతమడిగిన గుమాస్తాకు షావుకారు సున్నయే చేతిలో పెట్టును. శాస్త్రప్రకారము అతనిని తప్పు పట్టుటకు వీలుండదు. సి భాషనుండి వచ్చిన ఇదే వంశాచారము చొప్పున సంవత్సరమునుండి 1900 తీసివేసి దాచు పద్ధతియు నుండెను. దానిముందు ‘19’ అని అతికించిన పుణ్యాత్ముల వెబ్‌పేజీలు 2000 జనవరి 1న లోకమును 19100వ సంవత్సరములో ప్రవేశపెట్టినవి.

నెలల గోల చాలదన్నట్లు గంటల గోల యొకటి. మన దేశమున జనవరి 31 ప్రవేశించు అర్ధరాత్రిని సార్వత్రిక కాలమునకు మార్చి వ్రాయించినచో, అది జనవరి 30 సాయంత్రము 6.30 అని పడును. తేదీ మాత్రము కత్తిరించి దాచికొన్నవారి ఖాతాలో వాయిదాలు, పుట్టినరోజులు, సెలవులు అన్నియు ఒక దినము వెనుకకు జరుగును. హైదరాబాదులో పనిచేయువారికి ఇది నిత్యనైమిత్తికము.

జావాస్క్రిప్టు కాలమును లెక్కించుట మొదలిడునది 1970 జనవరి 1 నుండి. అంతకు పూర్వము పుట్టినవారందరు ఋణసంఖ్యలు. మా అమ్మమ్మ అట్టి సంఖ్య. గాలివానకు మామిడితోట కూలిన యేట, శ్రావణ బహుళములో, తెల్లవారుజామున పుట్టితినని ఆమె చెప్పెడిది. కార్డులో మాత్రము జూలై 1 అని యున్నది. గడి ఖాళీగా నుండరాదని ఎవరో గుమాస్తా వేసిన తేదీ అది. ఆ తరమువారిలో జూలై 1న పుట్టినవా రెందరో! నా ప్రోగ్రాము ఆ తేదీని మారుమాటాడక పుచ్చుకొన్నది. ఆమెకు తెలిసిన గాలివానను, మామిడితోటను పెట్టుటకు దానిలో గడి లేదు. గడి వేసినవాడను నేనే గాన ఎవరిని అనగలను?

ప్రోగ్రాములు వ్రాయు సోదరీసోదరులకు మనవి: తేదీల కూడికను స్వయముగా వ్రాయబోకుడు; పదిమంది వాడి పరీక్షించిన లైబ్రరీని వాడుడు; ‘నెల తరువాత’ యన్న యజమానిని, జనవరి 31 తరువాత ఏ తేదీ యని అడిగి కాగితము మీద వ్రాయించుకొనుడు. ఆ 1970 మొదలు గడచిన సెకండ్లను 32 బిట్లలో దాచు పాత యంత్రములున్నచో ఇప్పుడే సరిచేయుడు. 2038 జనవరి 19న, మన గడియారము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు వాని లెక్క నిండిపోయి, మరుసటి సెకండున 1901 డిసెంబరునకు పోవును. ఆనాటివరకు ఆగుదమందురా, అది మంగళవారము. మనవారు మంగళవారమునాడు క్రొత్తపని తలపెట్టరు.