అందరికీ 19.6

ఫిబ్రవరి వచ్చిందంటే ఇంటర్ ప్రాక్టికల్స్. రాజమండ్రి నుంచి భీమవరం దాకా చాలా కాలేజీల్లో కెమిస్ట్రీ ల్యాబు తాళం చెవి ఎక్కడుందో వెతకడంతోనే ప్రయోగం మొదలవుతుంది. ఏడాదంతా ఈఏపీసెట్ బిట్లు తప్ప మరోటి ముట్టని పిల్లలు ఆ రోజు బ్యూరెట్టు ముట్టుకుంటారు. ముట్టుకున్న ప్రతివాడికీ ఒకటే రీడింగు! ఆయ్, అంత నిఖార్సయిన సైన్సండీ మాది.

టైట్రేషన్ పద్ధతి ప్రకారమైతే బ్యూరెట్టులో పర్మాంగనేట్ పోసి, 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60, 70 డిగ్రీల దాకా వేడి చేయాలి. మొదటి చుక్కల రంగు ఓ పట్టాన పోదు. కాస్త మాంగనీస్ అయాన్లు పుట్టాక అవే ఉత్ప్రేరకమై చర్యను పరిగెత్తిస్తాయి. లేత గులాబీ రంగు అరనిమిషం నిలిస్తే అక్కడ ఆపాలి. ఇదంతా తీరికున్నవాళ్ళ వ్యవహారం. మన దగ్గర అటెండరు వెనకనుంచి వచ్చి, "పందొమ్మిది పాయింట్ ఆరు రాసేయమ్మా" అంటాడు. ఫ్లాస్కులో బీట్‌రూట్ రసం తయారై ఉన్నా సరే, పట్టికలో 19.6, 19.6, 19.6. కాస్త లోకజ్ఞానం ఉన్నవాడు మొదటిది 19.8 వేసి, అబద్ధానికి సహజత్వం తెస్తాడు. నిజంగా చేసి 19.5, 19.7, 19.6 తెచ్చుకున్న పిల్లకే చీవాట్లు: "కాంకరెంట్ వాల్యూ ఏదీ?"

రికార్డు ఇంకా ఘనం. ఆక్సాలిక్ ఆమ్లం 0.05 మోలార్ అయితే, సెల్‌ఫోన్ లెక్కలో పర్మాంగనేట్ 0.020408163 మోలార్. బ్యూరెట్టు మీద గీతలేమో 0.1 మి.లీ.కి ఒకటి. పడని చుక్కని తొమ్మిది దశాంశాల దాకా కొలిచి, చుట్టూ స్కేలుతో గడి కూడా కడతారు!

ఇదే గడ్డమీద టైట్రేషన్ తప్పితే కొంప మునిగేవాళ్ళున్నారు. ఆకివీడు వైపు రొయ్యల రైతు చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబుకి వెళ్తాడు. కాఠిన్యం చూడాలంటే ఈడీటీఏ చుక్కచుక్కగా పడి, ద్రాక్షసారా రంగు నీలమవ్వాలి. ఆ అంకె తప్పితే తేలేవి మార్కులు కావు, చచ్చిన రొయ్యలు. పేపరు మిల్లుల్లో గుజ్జు ఎంత ఉడికిందో తేల్చే కప్పా నంబరుకి కూడా పర్మాంగనేటూ, టైట్రేషనూ కావాల్సిందే. అంటే మనవాళ్ళు దొంగ రీడింగు రాసే కాగితం వెనకాల కూడా ఎక్కడో ఒక నిజం రీడింగు ఉందన్నమాట.

ఆమధ్య జంబ్లింగ్ పెట్టి, పిల్లల్ని వేరే కాలేజీలకి పంపి పరీక్ష చేయిస్తామంటే ప్రైవేటు యాజమాన్యాలు గగ్గోలు పెట్టాయి. పరాయి బ్యూరెట్టుకి 19.6 తెలీదని భయం కాబోలు.

కాబట్టి బోర్డు వారికి ఓ మనవి. ఈసారి ఎక్స్‌టర్నల్‌గా ఆ రొయ్యల రైతుని పంపండి. మోలారిటీ ఆయనకి తెలియకపోవచ్చు. మూడు వరసల్లో ఒకటే అంకె చూసి మాత్రం అడుగుతాడు: "ఏవయ్యా అబ్బాయ్, అసలు కుళాయి తిప్పేవా?"