పథ్యం

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. పగలు ఎలాగో గడుస్తుంది. రాత్రి దీపం ఆర్పామా, బరబరమని మొదలు. పొద్దున్న దుప్పటి మీద నెత్తుటి చుక్కలు. గోకిన కొద్దీ చర్మం మందమవుతుంది, మందమైన కొద్దీ దురద ముదురుతుంది. మా అమ్మ వంకాయ మాన్పించింది, గోంగూర మాన్పించింది, చేపలు మాన్పించింది. అంత చిన్నపిల్లా ముసలమ్మలా నోరు కట్టుకుంది. పైగా రోజూ వేపాకు వేసి మరిగించిన వేడివేడి నీళ్ల స్నానం.

చర్మం డాక్టరుగారు మొదట ఆ వేడినీళ్లు మాన్పించారు. గోరువెచ్చని నీళ్లతో 10 నిమిషాల్లో స్నానం ముగించాలి. ఒళ్లు రుద్దకుండా అద్ది, 3 నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయాలి. ఎర్రబడ్డ చోట స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే రెండు అరచేతులంత మేరకు సరిపోతుందట. నా జేబులోని సిట్రిజిన్ మాత్రల పట్టీ చూసి, "దీంతో మగత రావచ్చు గానీ ఈ దురద పెద్దగా తగ్గదు" అన్నారు.

"మరి పథ్యం?" అన్నాను.

"రెండు వారాలయ్యాక చెబుతాను" అని పాప చేతికో చిన్న పుస్తకం ఇచ్చారు. "గోక్కున్నప్పుడల్లా టైము వేసి ఓ గీత గియ్యమ్మా. చెయ్యి మళ్లీ అటు పోతుంటే పిడికిలి బిగించి 30 లెక్కపెట్టు. అప్పటికీ దురదుంటే గోటితో నొక్కు, గీరకు."

ఆ రెండు వారాలూ నా కన్ను పాప మీదే. అన్నం తింటున్నా, హోంవర్కు చేస్తున్నా, బొమ్మలేసుకుంటున్నా కాపలా కాశాను.

మళ్లీ వెళ్లాం. మొదటిరోజు 43 గీతలు, చివరిరోజు 11. మీసం మీద చెయ్యి వేశాను.

"పదకొండూ సాయంత్రం 6 దాటాకేనే!" అన్నారు డాక్టరుగారు. నేను ఆఫీసు నుంచి వచ్చే వేళ. "ఈ ఎర్ర పెన్సిల్ గీతలేంటి? ఇవి రోజూ 20కి తగ్గలేదేం?"

పాప నావంక ఓసారి చూసి, మెల్లిగా చెప్పింది.

"నాన్న 'గోక్కోకు' అన్నవి. ఆటలో పడి దురద మర్చిపోతాను. నాన్న గుర్తుచేస్తాడు."

డాక్టరుగారు పుస్తకం మూశారు.

"పథ్యం అడిగారు కదూ? పాపకి వంకాయ పెట్టండి. నోరు కట్టుకోవాల్సింది మీరు."